నిలువును తూనికయు

మేడారము జాతరకు బయలుదేరు కుటుంబములు ప్రయాణమునకు ముందు బెల్లము దుకాణమునకు పోయి, మ్రొక్కుకొన్న మనిషిని కాటాకు ఒక ప్రక్క కూర్చుండబెట్టి, రెండవ ప్రక్క బెల్లపు ముద్దలు పేర్చి, ముల్లు నడిమికి వచ్చువరకు వేచియుండుట తెలంగాణమున రెండేండ్ల కొకసారి కనబడు దృశ్యము. ఆ బెల్లమునకు అప్పుడు బెల్లమను పేరుండదు, అది బంగారము. సమ్మక్క సారలమ్మల గద్దెల కడకు దానిని మోసికొని పోవునప్పుడు 'నిలువెత్తు బంగారము' అందురు. చిన్ననాటి నుండి వినుచున్న మాటయే యైనను, అందలి విశేషము చాలకాలమునకు గాని నా మనసునకు తట్టలేదు. నిలువు అనగా మనిషి నిలిచిన పొడవు. సమర్పించునది మాత్రము తూనిక చొప్పున. ఈ రెంటిని కలిపినది 'ఎత్తు' అను మాట. నేలనుండి నెత్తివరకు గల పొడవును ఎత్తే. ఒక వస్తువునకు సరితూగు బరువును ఎత్తే. తులమెత్తు బంగారమనియు, ఎత్తుకు ఎత్తు వెండి యనియు మనవారు నేటికిని అనుచున్నారు. ఒక మనిషి పొడవునకును బరువునకును గల సంబంధమేమని పాశ్చాత్య గణితజ్ఞులు రెండు శతాబ్దులుగా శోధించుచుండగా, మన భాష ఆ రెంటిని ఒక్క పదముననే యిమిడ్చి ఊరకున్నది.

ఊరకున్నదని యేల యంటిననగా, పూర్వము మన పల్లెలలో దేహము కొలతబద్దయే గాని కొలువబడు వస్తువు కాదు. బావి లోతును నిలువులతో చెప్పిరి. చేదత్రాటిని బారలతో కొలిచిరి. బట్టను, పూలదండను మూరలతో అమ్మిరి. అంతకు చిన్నవానికి జేనయు బెత్తెడును ఉండనే యుండెను. లోకమునంతను తన యొడలితో కొలిచిన మానవుడు తన యొడలిని కొలిచికొన వలెనను కోరిక లేకయే వేల యేండ్లు గడపెను. ధాన్యపు బస్తా ఎన్ని మణుగులో చూపుతోనే చెప్పగల రైతు, తానెన్ని మణుగులు తూగునో ఎరుగడు. ఎనిమిది వీసెల మద్రాసు మణుగు సుమారు 25 పౌనులు గనుక, నేటి 60 కిలోల మనిషి అయిదు మణుగుల మీద రెండు మూడు వీసెలు తూగును. కాని ఆ లెక్క ఎవ్వరికిని అక్కరకు రాలేదు.

మనిషిని త్రాసునందుంచిన సందర్భము ఒక్కటే, అది దానము. షోడశ మహాదానములలో తులాపురుషదానము మొదటిదని పురాణములు చెప్పుచున్నవి. హంపీలో విఠలాలయమునకు సమీపమున రెండు రాతి స్తంభములపై అడ్డముగా నిలిపిన దూలము, రాజులు తూగిన తులగా నేటికిని చూపబడుచున్నది. మొగలు చక్రవర్తులు కూడ ఈ ఆచారమును చేపట్టి, అక్బరు సౌరమానమున ఒకసారియు చాంద్రమానమున ఒకసారియు వచ్చు తన జన్మదినములందు బంగారము మొదలగు ద్రవ్యములతో తూగెను. జహంగీరు తూగుటను ఆంగ్ల రాయబారి థామస్ రో కన్నులార చూచి వ్రాసిపెట్టెను. తిరుమలలో బిడ్డ యెత్తు పంచదారయో నాణెములో సమర్పించు తల్లిదండ్రులది కూడ ఈ సంప్రదాయమే. స్థానం నరసింహారావు సత్యభామ వేషమున ఆంధ్రదేశమును మురిపించిన శ్రీకృష్ణ తులాభార నాటకమును చూచిన వేలాది జనులలో ఒక్కరైనను శ్రీకృష్ణుని బరువెంతయని అడిగియుండరు. రెండవ తట్టలో ఏమి పడినదనుటయే అందరికిని కావలసినది. తూచిన అంకెకు ప్రాధాన్యము లేదు. ఇచ్చిన ద్రవ్యము మాత్రము శాసనములకెక్కినది.

ఆరోగ్యమునకును దేహప్రమాణమునకును సంబంధము మనవారికి తెలియదని దీని అర్థము కాదు. చరకసంహిత విమానస్థానమున దేహపు ప్రత్యంగమునకును అంగుళముల లెక్క చెప్పబడినది. పొడవు 84 అంగుళములని నిర్ణయించి, నిలువును చాచిన చేతుల వెడల్పును సమానముగా నున్న దేహమును సమమని మెచ్చుకొనినది. ఇందలి సౌందర్యమేమనగా, ఆ అంగుళము రాజు నిర్ణయించిన అంగుళము కాదు, వైద్యునిది కూడ కాదు. ఆ రోగి వ్రేలిదే. పొట్టివాడు తన వ్రేలితోను, పొడుగరి తన వ్రేలితోను కొలువబడుదురు. ఆ గ్రంథమే సూత్రస్థానమున ఎనిమిది విధముల నింద్యదేహులను పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని గూర్చి విపులముగా చర్చించి, ఈ రెంటిలో కార్శ్యమే మేలనినది. స్థూలునికి చికిత్స కష్టతరమని దాని హేతువు. పిరుదులు, ఉదరము, స్తనములు కదలాడునట్లు మేదోమాంసములు పెరుగుటయే స్థూలతకు గుర్తు. చూపునకును స్పర్శకును అందునది వైద్యునికి చాలును. తూనిక మాట అందు లేదు.

దేహమును తెలిసికొనుట కొరకే త్రాసునందు కూర్చున్న వారిలో మొదటగా చెప్పదగినవాడు ఇటలీ దేశమున పాడువా నగర వైద్యుడు సాంటోరియో. ఆయన తులాదండమునకు వ్రేలాడ గట్టిన కుర్చీలో కూర్చుండి భుజించి, లోనికి పోయినదానిని, వెలికి వచ్చినదానిని తూచి, ఎనిమిది పౌనుల అన్నపానములలో అయిదు పౌనులు కంటికి కనబడని స్వేదముగా వెడలుచున్నవని 1614లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఆయనకు కావలసినది బరువులోని మార్పే గాని, తగిన బరువు ఏదియను ప్రశ్న ఆయనకు తోచలేదు.

ఆ ప్రశ్నకు గణితము పుట్టినది మరొక చోట, అదియు ఒక జ్యోతిశ్శాస్త్రవేత్త చేత. బెల్జియమునందలి గెంట్ నగరమున 1796లో జన్మించిన అడోల్ఫ్ కెట్లే బ్రస్సెల్సు నగరమున వేధశాలను నెలకొల్పిన వాడు. నక్షత్రస్థానములను పలువురు పలుమారులు కొలిచినప్పుడు కలుగు దోషములు ఒక నియమమును అనుసరించి మధ్యమమునకు ఇరుప్రక్కల పరచుకొనుట నాటి ఖగోళజ్ఞులు ఎరిగినదే. కెట్లే ఆ నియమమును ఆకాశమునుండి నేలకు దింపి, సైనికుల రొమ్ముకొలతలకు, శిశువుల పొడవులకు, నేరముల సంఖ్యలకు వర్తింపజేసెను. 1835లో వెలువరించిన మహాగ్రంథమున ఆయన ప్రతిష్ఠించిన 'సగటు మానవుడు' ఎన్నడును పుట్టనివాడు, ఏ వీథిలోను కనబడనివాడు; అయినను ఆనాటినుండి ప్రభుత్వములకును వైద్యులకును వర్తకులకును మనమందరము వాని ప్రక్కన నిలిచియే కనబడుచున్నాము.

ఆ గ్రంథముననే, ఎదిగిన మనుష్యులలో బరువు పొడవుయొక్క వర్గమును అనుసరించి ఇంచుమించుగా పెరుగుచున్నదని కెట్లే చెప్పెను. ఇది పైకి కనబడినంత సులభమైన మాట కాదు. మానవుడు కుండవలె మూడు దిక్కులను సమముగా పెరుగువాడైనచో బరువు పొడవుయొక్క ఘనము చొప్పున పెరుగవలెను. 150 సెంటీమీటరుల పొడవున 50 కిలోలు తూగు నొకనికి 180 సెంటీమీటరుల సోదరుడున్నాడనుకొందము. ఘనము చొప్పున లెక్కించినచో ఆ సోదరుడు 86 కిలోలకు పైగా తూగవలసి యుండును; వర్గము చొప్పున 72 కిలోలు. మన యిండ్లలో పొడవైనవారిని చూచిన యెవ్వరైనను ఈ రెండవ లెక్కయే నిజమునకు దగ్గరయని ఒప్పుకొందురు. పొడుగువారు సాధారణముగా సాగినవారే గాని అన్ని వైపుల పెద్దచేయబడిన వారు కారు. పిల్లల పెరుగుదలకు ఈ సూత్రము సరిపడదనియు కెట్లేయే స్పష్టముగా చెప్పెను. ఒక్క విషయము మరువరాదు. ఎవరు స్థూలులు, ఎవరు కృశులు, ఎవరికి ఏ రోగము రానున్నది అను చింత ఆయనకు లేదు. ఆయన వర్ణించెను, తీర్పు చెప్పలేదు. ఆ తీర్పు ఆయన లెక్కకు తరువాతివారు తగిలించినది.

ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా పేర వెలసిన సూత్రమును మన యూళ్ల వైద్యులలో ఎరుగనివారు లేరు. సెంటీమీటరులలోని పొడవునుండి 100 తీసివేసినచో మిగిలినది కిలోలలో తగిన బరువు. నోటిలెక్కకు అందుటయే దీని బలము. కాని 150 సెంటీమీటరుల వానికి 50 కిలోలు చెప్పి, 180 సెంటీమీటరుల వానికి 80 చెప్పునప్పుడు, కెట్లే లెక్కకన్న ఎనిమిది కిలోలు అధికముగా పొడుగరికి అనుగ్రహించుచున్నది. పొట్టివారిపట్ల దానికి అంత దయ లేదు.

తగిన బరువు అను భావము రూపుదిద్దుకొన్నది వైద్యశాలలలో కాదు, జీవితబీమా కార్యాలయములలో. మనుష్యుడు ఎప్పుడు మరణించునో ముందుగా ఊహించుటయే జీవనోపాధిగా గల ఆ సంస్థల వద్ద లక్షలాది దరఖాస్తులలో పొడవు, బరువు, మరణకాలము అను మూడు అంకెలు ఒక్కచోట చేరియుండెను. ఏ వైద్యునికిని లభింపని నిధి అది. అమెరికాలో బీమా వైద్యులును గణకులును కలిసి ఆ పాలసీలను పరిశీలించి 1912 నుండి ప్రకటించిన సంపుటములలో, నడివయస్సు వారికి సగటును మించిన బరువు ఆయుర్దాయమును తగ్గించుచున్నదని లెక్కలతో చూపిరి. లావు భాగ్యచిహ్నమైన కాలమున, ఒళ్లు చేసినాడనుట మెచ్చుకోలైన దేశములలో, ఈ మాట ఎంత క్రొత్తదో ఊహింపవచ్చును.

మెట్రోపాలిటన్ జీవితబీమా సంస్థ గణాంకవేత్త లూయీ డబ్లిన్ మరియొక అడుగు ముందుకు వేసెను. అంతవరకు పట్టికలలో వయస్సుతోపాటు బరువు పెరుగుచునే యుండెను. జనులు అట్లు పెరుగుచున్నారు గనుక పట్టికయు అట్లే వ్రాయబడినది. పెరుగుట వాడుక కావచ్చును గాని క్షేమము కాదని డబ్లిన్ వాదించి, 1942లో స్త్రీలకును 1943లో పురుషులకును 'ఆదర్శ' భారముల పట్టికలను వెలువరించెను. 25 యేండ్లు నిండినవారికి చివరివరకు ఒక్కటే బరువు. సగటు మానవుని స్థానమున దీర్ఘాయుష్మంతుని నిలిపిన ఈ మార్పు కెట్లే తరువాత జరిగిన ముఖ్యమైన మలుపని నా అభిప్రాయము. ఏది సాధారణమో అది మంచిది కానక్కరలేదు. ఈ చిన్న వివేకమునకు నూరేండ్లు పట్టినది.

కాని ఆ పట్టికలను చేతబట్టి చూచినచో వాని లోపములు కూడ చేతికి తగులును. ఒక్కొక్క పొడవునకు చిన్న, నడిమి, పెద్ద అను మూడు దేహచట్రములుగా బరువును విభజించిరి. ఎవరిది ఏ చట్రమో తెలిసికొను ఉపాయము మాత్రము చెప్పలేదు. 1959 నాటి సవరణలో 'ఆదర్శము' పోయి 'వాంఛనీయము' వచ్చెను. అందు అయిదడుగుల ఆరంగుళముల పురుషునికి చిన్న చట్రమునకు 124 పౌనులతో మొదలై పెద్ద చట్రమునకు 156 పౌనులతో ముగియును. అద్దములో చూచికొని తన యెముకలు పెద్దవనుకొన్న వానికి 32 పౌనుల వెసులుబాటు! మోచేతి యెముక వెడల్పును కొలిచి చట్రమును నిర్ణయించు పద్ధతి 1983లో గాని చేరలేదు. అప్పటికి బరువులు కూడ కొంత పెంచబడినవి. ఇక కొలిచిన తీరో! దుస్తులతో తూచినది, చెప్పులతో నిలువబెట్టినది. 1959 పట్టికలోని పొడవులలో పురుషునకు ఒక అంగుళము, స్త్రీకి రెండంగుళముల మడమయెత్తు కలిసియున్నవి. కొందరి విషయమున కొలతయే లేదు, దరఖాస్తుదారుని మాటయే ప్రమాణము. ఆ బీమా చేయించుకొన్నవారు కూడ ఎవరు? నెలనెల రుసుము చెల్లింపగల అమెరికనులు, చాలవరకు శ్వేతజాతీయులు. గని కార్మికుడును, పత్తిచేలలోని నల్లజాతి కూలియు, మన దేశమునందలి పాలేరును ఆ త్రాసు నెక్కలేదు. ఆ త్రాసు చెప్పిన తీర్పు మాత్రము క్రమముగా వారందరి మీదికిని వచ్చినది.

మన దేశమున బొంబాయి మ్యూచువల్ సంస్థ 1870లో స్థాపితమై భారతీయులకు అదనపు రుసుము లేక సాధారణపు రేట్లకే బీమా చేయుట యొక గొప్ప విశేషముగా చెప్పుకొనబడినది. అంతకుముందు మన ప్రాణము తెల్లవారి ప్రాణముకన్న త్వరగా పోవునదిగా ఎంచబడుచుండెను. బందరులో వైద్యవృత్తి నవలంబించిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిన పిదప 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని కూడ నెలకొల్పిరి. రోగుల నాడి పట్టిన చేయియే పాలసీలకును పూనుకొనుట నాకు ఎంతయు సహజముగా తోచును. 1956 సెప్టెంబరు 1వ తేదీన ఇట్టి సంస్థలన్నియు జీవితబీమా సంస్థలో విలీనమైన తరువాత, పాలసీ కోరినవాని పొడవు, బరువు, రొమ్ము విరివి, పొట్ట చుట్టుకొలత వ్రాసికొను ఫారము పట్టణమునుండి పల్లెకు చేరినది. జీవితమున మొట్టమొదటిసారి తన బరువును ఆ ఫారము మీదనే చూచిన బడిపంతుళ్లు, రైల్వే గుమాస్తాలు ఆ తరమున చాలమంది.

ఇంతవరకు చెప్పినది తినగలవారి కథ. తెలుగు జిల్లాలలో దేహపు బరువు అధికారుల చర్చకు వచ్చినది అందుకు విరుద్ధమైన మార్గమున. 1876-78 నాటి ధాత కరువున బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మలమల మాడుచుండగా, 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువుపనికి వచ్చిన కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిష్, రాళ్లు కొట్టు మనిషి దేహమును ఒక పౌను ధాన్యము నిలుపజాలదని పట్టువిడువక వాదించెను. కొలది నెలలలోనే కూలి పెంపవలసి వచ్చినది. అంతలో ఎందరు కరిగిపోయిరో తలచుకొన్న మనసు కలత చెందును. అమెరికాలో అధికభారమెంతయని లెక్కింప మొదలిడుటకు చాల యేండ్ల ముందే, ఇచ్చట మనిషి నిలుచుటకు కావలసిన కనిష్ఠమెంతయని బేరము జరిగినది.

సిపాయిల ఎంపికలో పొడవు, రొమ్ము కొలుచుట కుంఫిణీ కాలమునాటిదే. ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామక ప్రకటనలో నేటికిని పురుషునకు 167.6 సెంటీమీటరుల పొడవు, 86.3 సెంటీమీటరుల రొమ్ము అని యుండుట చూచి, ఈ దశాంశములేమని పడుచువాండ్రు ఆశ్చర్యపడుదురు. అవి అయిదడుగుల ఆరంగుళములును, ముప్పదినాలుగు అంగుళములును. తెల్లదొర టేపు మీది గీతలు, మెట్రికు దుస్తులు తొడిగికొని యున్నవి.

సామాన్యునికి తన బరువు వేడుకగా తెలిసినది రైలు స్టేషనులలో. ఎఱ్ఱదీపములు మినుకుమినుకుమనుచు, గాజు వెనుక రంగుల చక్రము తిరుగుచుండు ఆ నిలువెత్తు యంత్రములో నాణెము వేసినంతనే టకీలుమని రాలెడి దళసరి టికెట్టు మీద ఒక ప్రక్క బరువు, మరొక ప్రక్క జాతకమో సినిమా తార బొమ్మయో ఉండెడిది. బెజవాడలో బండి మారవలసిన ప్రతిసారియు మా తండ్రిగారు మమ్ములను వరుసగా ఎక్కించి ఆ టికెట్లను డైరీలో దాచెడివారు. ఆ అంకెను ఏ పట్టికతో పోల్చవలెనో ఆయనకు తెలియదు. క్రిందటి యేటికన్న పెరిగినదా లేదా, అదియే ఆయన చూచినది. పిల్లలకు అంతకన్న మంచి పద్ధతి మరియొకటి లేదని పెద్దయైన తరువాత తెలిసికొంటిని.

తెలుగువారికి ఈ చరిత్రలో స్వంతమైన అధ్యాయము హైదరాబాదులోని తార్నాకలో వ్రాయబడినది. దాని మొదలు నీలగిరులలో. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన చిన్న పరిశోధనాశాల తరువాత పౌష్టికాహార పరిశోధనాలయమైనది. ఆయన దేశమునందలి వేర్వేరు ప్రాంతముల భోజనములను ఎలుకల గుంపులకు వేర్వేరుగా పెట్టి తూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల భోజనము తిన్నవి అన్నిటికన్న బరువైనవి. మరపట్టిన బియ్యము ముఖ్యమైన మద్రాసీ భోజనము తిన్నవి అన్నిటికన్న తేలికైనవి. జాతి కాదు, పళ్లెమే దేహమును నిర్ణయించుచున్నదని ఎలుకలు చెప్పిన సాక్ష్యము మరుగున పడదగినది కాదు. 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఆ సంస్థ 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను.

అచ్చటి అధిపతి డాక్టరు సి. గోపాలన్ ఎదుర్కొన్న ప్రశ్న క్లిష్టమైనది. 1956 మొదలు 1965 వరకు భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతట పిల్లల పొడవులను బరువులను సేకరించినది. ఆ సగటులనే భారతీయ ప్రమాణములుగా గ్రహింపవలెనా? గ్రహించినచో అర్ధాకలి పిల్లల సగటే ఆరోగ్యమగును. హైదరాబాదు శాస్త్రజ్ఞులు నగరములోని కలవారి యిండ్ల పసిపిల్లలను కొలిచి, వారు పాశ్చాత్య శిశువులతో ఇంచుమించు సమానముగా ఎదుగుచున్నారని చూపిరి. 1982లో డేవిడ్ సెక్లర్ అను అమెరికా ఆర్థికవేత్త, పేదదేశముల పిల్లలలో చాలమంది పొట్టివారే గాని ఆరోగ్యవంతులేయని ప్రతిపాదించినప్పుడు గోపాలన్ తీవ్రముగా ఖండించెను. పొట్టితనము పేదరికమునకు దేహము చెల్లించిన మూల్యమే గాని దేహముయొక్క తెలివి కాదని ఆయన భావము. ఈ వాదమున నేను పూర్తిగా గోపాలన్ పక్షము. పట్టికను క్రిందికి దింపినచో ఆకలిగొన్న బిడ్డలు కాగితము మీద మాయమగుదురు. వారి పళ్లెములోనికి మెతుకైనను అదనముగా రాదు.

ఇంతలో కెట్లే సూత్రము అమెరికాలో పునర్జన్మ నెత్తినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 36 మంది యువకులను వారి సమ్మతితో అర్ధాకలికి గురిచేసి, వారి బరువు నాలుగవ వంతు తగ్గువరకు పరిశీలించిన ఆన్సెల్ కీస్, 1972లో అయిదు దేశములకు చెందిన ఏడువేలకు పైబడిన పురుషుల కొలతలను పరీక్షించి, బీమా పట్టికలకన్న కిలోలను మీటరుల వర్గముచే భాగించు పద్ధతియే మేలని నిశ్చయించి, దానికి దేహద్రవ్యసూచి అను పేరు పెట్టెను. మన వైద్యులు బి.ఎమ్.ఐ. అనునది ఇదియే. ఆ పరీక్షలో స్త్రీలు లేరు. భారతీయులును లేరు.

నేడు గోడలమీద వ్రేలాడు పట్టికలోని రెండు హద్దులు రెండు వేర్వేరు చరిత్రలనుండి వచ్చినవని చాలమంది గమనింపరు. 25 అను పై హద్దు వెనుక బీమా కార్యాలయముల మరణపు లెక్కలు మొదలుకొని స్థూలదేహుల వ్యాధులను గూర్చిన శోధన యున్నది. 18.5 అను క్రింది హద్దు 1988లో పెద్దలలో దీర్ఘకాలికమైన శక్తిలోపమును, అనగా తీరని ఆకలిని, గుర్తించుటకు పోషకాహార శాస్త్రజ్ఞులు గీసినది. కలవాని మరణభయము ఒకటి, లేనివాని ఆకలి మరొకటి. నడుమనున్న ఖాళీకి ఆరోగ్యమని పేరు.

ఆ ఖాళీయైనను అందరికిని ఒక్కటి కాదని తెలిసినది తరువాత. 2004లో పూణే వైద్యుడు యాజ్నిక్, లండను వైద్యుడు యుడ్కిన్ ఒకరి ప్రక్క నొకరు నిలిచిన చిత్రమును లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇద్దరి సూచియు 22.3, కాని ఆంగ్లేయుని దేహమున కొవ్వు నూటికి 9.1 పాళ్లు, భారతీయుని దేహమున 21.2 పాళ్లు. సన్నని చేతులకాళ్లతో, నడుమునొద్ద దాగిన కొవ్వుతో, మధుమేహమునకు చేరువగా నుండు మన దేహముల రహస్యమును ఆ ఒక్క చిత్రము బయటపెట్టెను. ఆ యేడే ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు ఆసియా వాసుల విషయమున 23 వద్దనే మేల్కొనవలెనని సూచించిరి; 2009లో మన వైద్యులు 23ను అధికభారమునకు, 25ను స్థూలతకు హద్దులుగా గ్రహించిరి. 160 సెంటీమీటరుల పొడవున 62 కిలోలు తూగు గృహిణి సూచి 24.2. ఒక పట్టికలో ఆమె ఆరోగ్యవతి, మరొక పట్టికలో అధికభారము గలది. ఆమెకు తెలియవలసినది నడుముచుట్టు కొలతయు, రక్తములోని చక్కెరయు.

ఆదర్శ భారతీయుని బరువు కూడ హైదరాబాదులోనే నిర్ణయింపబడుచున్నది. ఆహారావసరముల లెక్కకై పోషకాహార సంస్థ చిరకాలము 60 కిలోల పురుషుని ప్రమాణముగా నిలిపి, 2020లో 65 కిలోలకు పెంచెను, స్త్రీకి 55. ఈ మహాసంస్థ వెలసిన రాష్ట్రముననే, 1992-93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పసిపిల్లల బరువు తూచిరి గాని పొడవు కొలువలేకపోయిరి. కొలతబల్లలు సకాలమునకు అందకపోవుటచే నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశముతో కూడ అయిదు రాష్ట్రములలో ఆ గడి ఖాళీగా మిగిలినది. ఎన్ని సూత్రములున్నను చివరకు ఒక చెక్కబల్ల కావలెను, బిడ్డ తలను ఒకరు, పాదములను ఒకరు పట్టుకొన వలెను. 1975లో అంగన్వాడీలు మొదలైనప్పటి నుండి దూలమునకు కాటా వ్రేలాడగట్టి, తొట్టిలో బిడ్డను కూర్చుండబెట్టి, ఏడ్పు ఆగినప్పుడు ముల్లును చదివి, పటములోని ఆకుపచ్చ దారిలో చుక్కపెట్టు ఆడువారి ఓర్పు మీదనే ఈ శాస్త్రమంతయు ఆధారపడియున్నది. దిష్టి తగులునని తూపింపనొల్లని తల్లి, ఆ బిడ్డనే పంచదారతో తూచుటకు కొండయెక్కును; ఈ సంగతి తెలిసిన కార్యకర్త ఆమెతో తగవులాడదు, మరునాడు మరల వచ్చును.

మా మేనత్తకు ఎనుబదియేండ్లు దాటినవి. వెన్ను వంగినది. క్రిందటి యేడు ఒక చిన్న ఊరి వైద్యుని కడకు తీసికొనిపోతిని. నర్సు గోడకు నిలిపి 145 సెంటీమీటరులని, తూచి 42 కిలోలని వ్రాసెను. లెక్కకట్టిన ఇరువది వచ్చెను, మచ్చలేని ఆరోగ్యము. వైద్యుడు ఆ కాగితము చూచి తలయూపి, తానే లేచి దర్జీటేపు తెచ్చి, "అమ్మా, చేతులు రెండూ బారగా చాపండి" అనెను. వంగిన వెన్ను పొట్టిదైనను చేతుల యెముకలు కురుచ కావు. పడుచునాటి నిలువు బారలో నిలిచియుండును. అత్త చేతులు చాపి, "చేదతాడు కొలిచినట్టు కొలుస్తున్నావేమిటి నాయనా?" అనెను. టేపు మీద 152 పలికినది. వైద్యుడు ముందటి అంకెను కొట్టివేసి, మరల భాగించి 18.2 అని వ్రాసి, కుర్చీని ఆమెకు దగ్గరగా జరుపుకొని, "రాత్రిపూట ఏం తింటున్నారమ్మా?" అని అడిగెను.